తడి కాళ్ళు

సెప్టెంబర్ 1, సోమవారం

కాలి నొప్పి సంగతి రోజూ రాసుకోమంది ఫిజియో. ఎప్పుడొచ్చింది, ఏం చేస్తే వచ్చింది, ఎంతసేపుంది. మమత వెంటనే ఈ డైరీ కొనుక్కొచ్చి చేతిలో పెట్టింది. కట్టుకున్న మొగుణ్ణి బడిపిల్లాడిలా కూర్చోబెట్టి రాయిస్తోంది. ఇదిగో రాస్తున్నాను. నొప్పి లేదు.

అసలు రాయాల్సింది వేరే ఉంది. పొద్దున ట్రాక్ మీద గుర్రాల గాలప్‌లు అయ్యాక మా ట్రైనర్ మునినారాయణప్ప సార్ నన్ను కరియ లాయం ముందుకు తీసుకెళ్ళారు. కరియ ఈ ఏడు మా రేసుగుర్రాల యార్డుకు వచ్చిన రెండేళ్ళ పిల్లగుర్రం. నల్లగా ఉన్నాడని కన్నడ కుర్రాళ్ళు పెట్టిన పేరు, రేసు పేరు ఇంకా పెట్టలేదు. మొహం చూస్తే మహారాజు. వెనక్కి వెళ్ళి చూస్తే ఏమీ లేదు.

"చూడప్పా హరీ, ముందర గుర్రము, వెనకాల మేక," అన్నారు సార్. "ఓనరు అమ్మేస్తానంటాండాడు. నువ్వు పూల్‌లో ఈదించి కండ తెప్పించు. నవంబరులో ట్రయలు పెడతాను. అప్పటికి వీడు తయారైతే ట్రయల్లో నువ్వే ఎక్కు."

నువ్వే ఎక్కు! రేసులో మేఘమాల మీద నుంచి పడి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఏ ట్రైనరూ నాతో ఆ మాట అనలేదు. ఎడమ కాలి ఎముకలో రాడ్డు ఉన్న జాకీని ఎవడు ఎక్కిస్తాడు? గుర్రాలను ఈదించే పని ఇచ్చారు, అదే పదివేలు అనుకున్నాను. ట్రయల్ పరుగు చూడటానికి ఓనర్లందరూ వస్తారు. నన్ను ఒక్కసారి జీను మీద చూస్తే చాలు. హొసకోట యార్డు నుంచి కుందలహళ్ళిలో ఇంటి దాకా బైకు మీద అదే అనుకుంటూ వచ్చాను. సిగ్నల్ దగ్గర హెల్మెట్‌లో నవ్వుకుంటుంటే పక్క ఆటోవాడు అదోలా చూశాడు. చూడనీ.

సెప్టెంబర్ 3, బుధవారం

గుర్రం పుట్టుకతోనే ఈదగలదంటారు. ఆ సంగతి కరియకు ఎవరూ చెప్పలేదు.

కొలనులోకి దిగే వాలు మీద నాలుగు కాళ్ళూ పాతి నిలబడ్డాడు. ఇటు తాడు నేను, అటు తాడు తిరుపాలు. తిరుపాలు వాడి సైస్, కదిరి వైపు మనిషి, వాడికి మేత పెట్టేదీ కాళ్ళకు కట్లు కట్టేదీ అతనే. "పో నాయనా, పో సామీ, పో నీ యబ్బ," అంటూ బుజ్జగింపు నుంచి బూతు దాకా అన్నీ అయ్యాయి. చివరికి వాడంతట వాడే, మేం మాట్లాడుకుంటుంటే, దబ్బున దూకాడు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

కాళ్ళ కింద నేల లేకపోయేసరికి వాడి కళ్ళు చూడాలి! మెడ నిటారుగా ఎత్తి, ముక్కుపుటాలు గిన్నెల్లా తెరిచి, బుస్సు బుస్సుమంటూ, వెనక కాళ్ళతో నీళ్ళను తన్నుకుంటూ పోయాడు. మేమిద్దరం తాళ్ళు పట్టుకుని గట్టు మీద చెరోవైపు నడిచాం. బయటికొచ్చాక వాడి పిరుదులు వణుకుతూనే ఉన్నాయి. నీళ్ళలో ఒక చుట్టు నేల మీద పెద్ద పరుగుతో సమానం, అదీ గిట్ట నేలకు తగలకుండా. వీడు నా వాడు. వీడికి కండ తెప్పిస్తాను.

నొప్పి: గట్టు మీద నడిచాక కొంచెం. గట్టు గరుకుగా ఉంది, అందుకు.

సెప్టెంబర్ 11, గురువారం

వాన. ట్రాక్ అంతా బురద. సార్ గాలప్‌లు ఆపేశారు. మిగతా గుర్రాలు లాయాల్లో నిలబడి గోడలు నాకుతున్నాయి. మాకేం, మాకు కొలను ఉంది. కరియను రెండు పూటలా ఈదిస్తానన్నాను. సార్ ఊఁ అన్నారు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

వాన ఆగలేదు. కొలను తాళ్ళు చీకిపోయాయని చిక్కపేట వెళ్ళి కొత్తవి కొన్నాను. తాడు చుట్ట భుజాన వేసుకుని ఆ తోపుడు బండ్ల మధ్య మెట్రో దాకా వచ్చేసరికి ప్రాణం పోయింది. లిఫ్ట్ ఎక్కాను. బరువుంది కదా, బరువున్నవాళ్ళ కోసమే కదా లిఫ్ట్ పెట్టింది.

మెట్రోలో ఎందుకో మేఘమాల గుర్తొచ్చింది. మలుపులో ఉన్నట్టుండి దాని ముందు కాలు విరిగింది. నా కింద నుంచి గుర్రమే మాయమైపోయినట్టు అనిపించింది. నేను ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి దాన్ని ట్రాక్ మీదే సూది వేసి పైకి పంపేశారు. మంచి ఎముక అట్లా ఊరికే విరగదు. లోపల దెబ్బ ఉన్న కాలు వేడెక్కుతుంది, దాని కాలు ముందే వెచ్చబడి ఉంటుంది. రోజూ ఆ కాలు పట్టుకున్నవాడు ఎవడో ఉంటాడు. వాడికి తెలిసే ఉంటుంది.

నొప్పి లేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

డాక్టర్ సమీనా వచ్చింది. మా యార్డు గుర్రాల డాక్టర్, కడప అమ్మాయి. పోయిన నెల తీసినట్టే ఈసారీ కరియ వెనక భాగానికి స్కాన్ పెట్టింది. ఫోన్ తెర తిప్పి నాకు చూపించింది.

"హరి గారూ, ఇది అప్పటి మజిల్, ఇది ఇప్పటిది. నేనే నమ్మలేకపోతున్నా. ఏం పెడుతున్నారు వీడికి?"

"నీళ్ళు," అన్నాను.

నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈతకి కండ వస్తుంది, ఊపిరి పెరుగుతుంది. ఎముక మాత్రం అలాగే ఉంటుంది. నేల మీద పడే దెబ్బకే ఎముక గట్టిపడేది, నీళ్ళలో ఆ దెబ్బ ఎక్కడిది? వీడు అసలే పెరిగే వయసులో ఉన్నాడు. వాన తగ్గాక ట్రాక్ మీదికి స్లోగా తీసుకెళ్ళండి. ఈ కండ చూసి మోసపోకండి."

సరే అన్నాను. మా ఫిజియో కూడా అచ్చం ఇదే అంది, తొడ కండ చూసి కాలు బాగుపడిందనుకోవద్దని. చదువుకున్న ఆడవాళ్ళందరూ ఒకే పుస్తకం చదివినట్టున్నారు.

కానీ ఆ కండ! సాయంత్రం ఎండ కాసేపు వస్తే బయట నిలబెట్టాను. పిరుదు మీద చెయ్యి వేస్తే చెయ్యి జారిపోతోంది. మేక ఎక్కడికి పోయిందో ఏమో.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. జీనులు, కళ్ళేలు, నాడాలు, నా కొలను తాళ్ళతో సహా అన్నీ కడిగి వరసగా పెట్టి బొట్లు పెట్టాం. గుమ్మడికాయ కొట్టారు. రెండేళ్ళుగా అటక మీదున్న నా జీను తీసి తుడుస్తుంటే నవ్య వచ్చింది.

"హరన్నా, నీ జీనుకు బొట్టు నేను పెడతా, జరుగు," అంది.

నవ్య ఈ ఏడే జాకీగా లైసెన్సు తెచ్చుకుంది. ముళబాగిలు పిల్ల. యార్డుకు వచ్చిన కొత్తలో పగ్గాలు ఎట్లా పట్టుకోవాలో, పడితే ఎట్లా దొర్లాలో నేనే చూపించాను. ఇప్పుడు నాకంటే నోరు ఎక్కువ. బొట్టు పెట్టి, "ఇంక దుమ్ము పట్టించొద్దు దీనికి," అని ఆర్డరు వేసి పోయింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాంబ్రాణి పొగ.

అక్టోబర్ 9, గురువారం

ట్రాక్ ఆరింది. ఎక్కాను!

మెల్లగా తిప్పు అన్నారు సార్. మెల్లగానే మొదలుపెట్టాను. మలుపు దాటాక వాడే అందుకున్నాడు. నా కింద ఆ వెనక కండ సాగి, ముడుచుకుని, మళ్ళీ సాగి, దేవుడా, ఎట్లా చెప్పేది. రెండేళ్ళ తర్వాత చెవుల్లో మళ్ళీ ఆ గాలి. నేను పగ్గాలు వదల్లేదు, వాడే లాక్కున్నాడు. స్లోగా అని సమీనా అన్నది నిజమే. కానీ ఉరికే గుర్రాన్ని మరీ పట్టి లాగితే కళ్ళెం ఒరుసుకుని నోరు పాడవుతుంది.

నొప్పి: దిగేటప్పుడు. కొత్త కదా.

అక్టోబర్ 13, సోమవారం

వరసగా గాలప్‌లు. ఇవాళ పొద్దున తిరుపాలు లాయంలో నుంచి పిలిచాడు.

"అన్నా, ముందరి ఎడమ కాలు వెచ్చగా ఉండాది. మోకాలి కింద. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. "ఎండకు," అన్నాను.

"ఎండకైతే నాలుగు కాళ్ళూ కాలాల గదన్నా?"

"నువ్వు డాక్టరువా? లద్దె ఎత్తు పో," అన్నాను.

అంత మాట అనకుండా ఉండాల్సింది. పార తీసుకున్నాడు. పొద్దున్నే ఎవరైనా అట్లాంటి మాటలు చెప్తారా?

అక్టోబర్ 14, మంగళవారం

వెచ్చగా లేదు.

అక్టోబర్ 15, బుధవారం

కొంచెం. తిరుపాలు కట్టు బిగించి కట్టాడు, అందుకు. తిట్టాను.

అక్టోబర్ 16, గురువారం

కరియ ఈత టైము మార్చాను. పొద్దున నీళ్ళు మరీ చల్లగా ఉంటున్నాయి, పిల్లగుర్రానికి జలుబు చేస్తే ఎవరిది పూచీ? ఇకనుంచి సాయంత్రం, సార్ రౌండుకు ముందు.

సార్ రౌండ్ అంటే యార్డులో గుడి హారతి లాంటిది. రోజూ సాయంత్రం ఒక్కో లాయం ముందు ఆగి, వంగి, ఒక్కో గుర్రం నాలుగు కాళ్ళూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో నిమురుతారు. ఆ చేతికి తెలియని వేడి లేదంటారు. కాలు వెచ్చగా తగిలితే ఆ గుర్రానికి మర్నాడు జీను వెయ్యరు.

ఈత నుంచి వచ్చిన గుర్రం కాళ్ళు చల్లగానే ఉంటాయి. అది వేరే సంగతి. నేను జలుబు గురించే మార్చాను.

అక్టోబర్ 17, శుక్రవారం

సార్ వచ్చారు. కరియ కాళ్ళ నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వంగి నాలుగూ నిమిరారు. ఎడమ కాలి దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

"ఐస్ మాదిరి ఉండాయప్పా. మంచిది," అని పక్క లాయానికి పోయారు.

తిరుపాలు నేల చూస్తున్నాడు. నేను బకెట్టు చూస్తున్నాను. ఎవరం ఏం తప్పు చేశామని?

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. మమత వాళ్ళ టెక్ పార్కు క్యాంటీన్‌లో మిగిలిన స్వీట్లు తెచ్చింది. మిద్దె మీద పక్కింటి పిల్లలు చిచ్చుబుడ్లు కాలుస్తుంటే చూస్తూ కూర్చున్నాం. నా మనసు ఒకచోట నిలవలేదు. లేచి తిరిగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

"ఏమైంది? కాలా?" అంది.

"కాదు. మేఘమాల." ఆ మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు. "దాని సైస్‌కి తెలిసే ఉంటుంది మమతా. రోజూ కాలు పట్టేవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?"

"ఆసుపత్రిలో మూలుగుతా కూడా ఇదే అన్నావు. ఇంక ఎన్నేళ్ళు తిడతావు ఆ మనిషిని?" అంది. తర్వాత, "పాపం, వాడు ఎవరికైనా చెప్పినాడేమో. విన్నోడు విని ఊరకుండినాడేమో," అంది.

తినే లడ్డు పక్కన పెట్టేశాను. తీపి ఎక్కువైంది.

అక్టోబర్ 27, సోమవారం

గట్టి గాలప్. పక్కన నవ్య ఇంకో పెద్ద గుర్రం మీద. కరియ దాన్ని చివర్లో వెనక్కి నెట్టేశాడు. "ఏం గుర్రం అన్నా ఇది! రాకెట్!" అని అరిచింది నవ్య. ట్రాక్ పక్కన సార్ బైనాక్యులర్ దించలేదు.

వేగం తగ్గించేటప్పుడు వాడు అడుగు మార్చాడు. తల ఒకసారి విదిలించాడు. ఈగ.

దిగేటప్పుడు నా ఎడమ కాలు నేల మీద ఆనలేదు. రికాబు తోలు పట్టుకుని వేలాడాను, ఎవరూ చూడలేదనే అనుకుంటున్నాను. లాయంలోకి వెళ్ళాక కరియ మోకాలి కింద ముందువైపు బొటనవేలితో నొక్కాను. కాలు లాక్కున్నాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లాక్కున్నాడు, ఈసారి మొహం తిప్పి నన్ను చూశాడు.

చిన్న వాపు. పెరిగే వయసులో ఎవరికైనా ఉంటుంది. ట్రయల్ ఆదివారం. అది ఒక్కటి అయిపోతే నేనే విశ్రాంతి ఇప్పిస్తాను. ఒక్క పరుగు. అయినా పడితే పడేది నేనే కదా. ఇందులో ఇంకెవరికీ నష్టం లేదు.

అక్టోబర్ 30, గురువారం

సార్ రౌండ్ అయ్యాక ఆగమన్నారు. కరియ తడి కాళ్ళు అప్పుడే నిమిరి లేచారు, చేతులు పంచెకు తుడుచుకుంటున్నారు.

"బేజారు చేసుకోవద్దప్పా. ఆదివారము నవ్య ఎక్కుతాది."

ఏం వినపడిందో అర్థం కాలేదు.

"సోమవారము నువ్వు దిగింది చూసినాను. ఎడమ కాలు నేల మీద పెట్టలేదు నువ్వు. నాకు చెప్పకుండా దాచిపెట్టినావు." కోపం లేదు ఆయన గొంతులో, ఉంటే బాగుండేది. "గుర్రము కాళ్ళు చల్లగా ఉండాయి. నీ కాలే నాకు నమ్మకము లేదు."

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. సార్ భయపడ్డట్టున్నారు, భుజం తట్టి వెళ్ళిపోయారు.

రెండు నెలలు నీళ్ళలో నానింది నేను. మేకను గుర్రం చేసింది నేను. ఎక్కేది ఆవిడ. ఛీ, ఇదేం బతుకు!

అక్టోబర్ 31, శుక్రవారం

నాకేం?

అదే రోజు, మళ్ళీ

నాకేం అని రాసి పక్కన పెట్టాను. కానీ డైరీ మూయలేదు.

ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? తను ఎక్కలేదని పిల్లకు అడ్డుపడుతున్నాడంటారు. నమ్మితే ఇంకా ఘోరం, ఎన్నాళ్ళ నుంచి తెలుసు అని అడుగుతారు. పని పోతుంది. ఈ లైన్‌లో ఇంకెవడూ గడప తొక్కనివ్వడు. ఏమీ కాకపోవచ్చు కూడా. నూటికి తొంభై గుర్రాలకు ఏమీ కాదు.

మేఘమాల సైస్ కూడా ఇట్లాగే లెక్క వేసుకుని ఉంటాడు.

నవంబర్ 1, శనివారం

మధ్యాహ్నం జీనుల గది ముందు నవ్య బూట్లు పాలిష్ చేసుకుంటూ కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. నా ముందు ఎప్పుడూ లేవని పిల్ల.

"అన్నా, నామీద కోపమా? నేను అడగలేదన్నా. సార్ చెప్పిరి, నేను వద్దంటిని గూడా."

"కోపం ఎందుకు," అన్నాను.

"రేపు మా అమ్మ వస్తాండాది, ముళబాగిలు నుంచి. నేను గుర్రమెక్కేది ఎప్పుడూ చూడలేదు మా అమ్మ. పడతానని భయం. నేను పడను మా, హరన్న నేర్పించినాడు అని చెప్పినా." బూటు పక్కన పెట్టింది. "వీని నోరు ఎట్లుంటాదన్నా? మలుపులో ఎంత పట్టాల?"

అన్నీ చెప్పాను. కుడివైపు లాగుతాడని, మలుపులో మెడ మీద చెయ్యి పెడితే కుదురుకుంటాడని, చివర్లో కొరడా అక్కర్లేదు, పేరు పెట్టి పిలిస్తే చాలని. అన్నీ చెప్పాను. కాలు ఒక్కటి తప్ప.

సాయంత్రం మళ్ళీ ఈదించాను. సార్ మళ్ళీ నిమిరారు. ట్రయల్ రోజు పొద్దున ఆయనకు ఓనర్లతోనే సరిపోతుంది. కాళ్ళు చూడటం ఇదే ఆఖరు.

"ఐస్," అన్నారు.

ఇంటికొచ్చాక అన్నం కలిపి కలిపి వదిలేశాను. మమత నేనేమైనా చెప్తానేమోనని చూసి, చూసి, కంచం తీసుకుపోయింది.

నవంబర్ 2, ఆదివారం

వరసగా రాయాలి, లేకపోతే మళ్ళీ ఏదో ఒక సాకు రాస్తాను.

తెల్లారేసరికి యార్డులో ఉన్నాను. కరియ కాలు పట్టుకున్నాను. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, వాడి కాలు మాత్రం కాలుతోంది. పక్కన తిరుపాలు ఉన్నాడు. ఏమైనా అంటే బాగుండునని ఉంది నాకు. ఏమంటాడు? అన్నందుకేగా లద్దె ఎత్తమన్నాను.

ఓనర్లు కార్లలో దిగారు. నవ్య వాళ్ళమ్మ కంచె దగ్గర నిలబడింది, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్. కూతురు జీను మీద కూర్చోగానే కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్య ఆవిడ వైపు చూసి చెయ్యి ఊపింది. కరియ ఆ కండతో మెరిసిపోతూ నడుస్తున్నాడు. ఓనర్లు వేలెత్తి వాణ్ణే చూపించుకుంటున్నారు.

నవ్యను ఎక్కించుకుని కరియ ట్రాక్ గేటు దాటబోతుంటే నేను వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాను. కళ్ళెం పక్కన పగ్గం తిరుపాలు చేతిలో ఉంది. నా వైపు చూడలేదు, పగ్గం మాత్రం నాకు వదిలేశాడు.

"దిగు," అన్నాను నవ్యతో.

"ఏమన్నా? సుమ్మనుండు అన్నా, ఊరకుండు, అందరూ చూస్తాండారు!"

"దిగు నవ్యా."

సార్ గబగబా వచ్చారు. "ఏమప్పా ఇది గలాటా, ఓనర్ల ముందర? తాగినావా?"

"సార్, ఈ కాలు మీద చెయ్యి పెట్టండి. ఇప్పుడు. పొడిగా ఉన్నప్పుడు."

నా మొహం చూశారు. కాలు చూశారు. పంచె పైకి దోపుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. చెయ్యి పెట్టారు. తీయలేదు. బొటనవేలితో నొక్కారు, కరియ కాలు లాక్కున్నాడు. నవ్య పైనుంచి అంతా చూస్తోంది. సార్ లేవకుండానే అడిగారు.

"ఎన్ని దినాలైంది?"

"దీపావళి ముందు నుంచి."

"ఈత టైము మార్చినప్పటి నుంచి," అన్నారు. అది ప్రశ్న కాదు. ఇంకా లేవలేదు. "నా చెయ్యినే మోసం చేసినావు కదప్పా. నీళ్ళు చూపించి."

తల ఊపాను.

లేచి, ఓనర్ల వైపు తిరిగి, ఈ గుర్రం ఇవాళ పరిగెత్తదని చెప్పారు. తిరుపాలు కరియను తీసుకుని నడిచాడు, మెల్లగా, వాడి అడుగులో అడుగేసి.

నవ్య దిగింది. తిన్నగా నా మీదికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండేది.

"నిన్న అంతసేపు కూర్చోబెట్టి నోరు చెప్పినావు, మెడ చెప్పినావు, కాలు చెప్పలేదు! మా అమ్మ ఉండాది అక్కడ, చూసినావా?" "ఒకటే అడుగుతా, నిజం చెప్పు. నువ్వే ఎక్కేదుంటే చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణి కాదు.

బయటికి అనలేదు. అనక్కర్లేకపోయింది, నా మొహంలోనే కనపడింది. "థూ," అంది. హెల్మెట్ తీసి నేలకేసి కొట్టింది. వాళ్ళమ్మ కంచె దూరి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, ఆ మట్టిలో దబదబా అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి మళ్ళీ తిట్టింది. వాళ్ళమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆమె వెనకాల పరుగు.

నేను ఆ అడుగులే చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు మేఘమాల సైస్ గేటు దగ్గర నన్ను ఆపి ఉంటే నేనూ వాణ్ణి ఇట్లాగే తిట్టి ఉండేవాణ్ణి. తల్లినీ చెల్లినీ కూడా తిట్టి ఉండేవాణ్ణి. తిట్టి, ఇట్లాగే రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయేవాణ్ణి.

నవంబర్ 3, సోమవారం

సమీనా ఫోన్ చేసింది. ఎక్స్‌రేలో ఎముక ముందువైపు సన్నటి గీత ఉందట, వెంట్రుకంత. ఇంకొక్క గట్టి పరుగు పడి ఉంటే రెండు ముక్కలయ్యేదంది. ఇప్పుడైతే విశ్రాంతి ఇస్తే అతుక్కుంటుంది, వచ్చే ఏడు పరిగెత్తుతాడు. కండ కరిగిపోతుంది, కానీ మళ్ళీ వస్తుందంది. ఫోన్ పెట్టేసే ముందు, "నేను చెప్పాను కదా హరి గారూ," అంది, అంతే.

రేపటి నుంచి రావద్దని సార్ తిరుపాలుతో కబురు చేశారు. తిరుపాలు ఆ మాట చెప్పి, వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "కరియ మేత తింటాండాడు అన్నా," అన్నాడు. కూర్చోమన్నాను. టీ తాగాడు. ఆ రోజు అన్న మాట తప్పు అని చెప్పాను. "పోనీ లేన్నా," అన్నాడు.

అతను వెళ్ళాక మమత వచ్చి నా ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుంది. పాంటు పైకి మడిచి మోకాలి కింద చెయ్యి పెట్టింది.

"కాలుతాంది," అంది. "ఎన్నాళ్ళ నుంచి?"

నొప్పి ఉంది. ఈ డైరీ మొదలుపెట్టిన రోజు కూడా ఉంది.